మన చేని రాయి – మన ఇంటి వాకిలి
(ఒక విశ్రాంత సీనియర్ అసిస్టెంటు, రెవెన్యూ శాఖ)



ప్రత్యేక సంచికకు మన ప్రాంత చరిత్ర గురించి ఏదైనా వ్రాయమని సంఘం పెద్దలు అడిగారు. రాజుల గురించి, యుద్ధాల గురించి వ్రాయగల పండితులు మన సభ్యులలోనే ఉన్నారు. నేను ముప్పై ఆరేళ్ళు మొదట తాలూకా కచేరిలోనూ, 1985లో మండలాలు వచ్చాక మండల కార్యాలయంలోనూ ఫైళ్ళు వ్రాసినవాణ్ణి. నాకు తెలిసినది భూమి, దాని లెక్కలు, దాని మీది రాళ్ళు. అందుచేత రాళ్ళ చరిత్రే వ్రాస్తున్నాను.

దీనికి ఒక కారణం కూడా ఉంది. మన పిల్లలు ఉద్యోగాలు చేసి సంపాదించి ఊళ్ళో పాత ఇళ్ళు బాగు చేయిస్తున్నారు, లేదా చేను పక్కనే కొత్త ఇల్లు కట్టుకుంటున్నారు. సంతోషమే. ఇంటి ముందు తోట, నడిచే బాట, పూల మడుల చుట్టూ అంచు, ఇవన్నీ ఇప్పుడు అందరికీ కావాలి. దాని కోసం పట్నం పోయి సంచుల్లో కట్టి అమ్మే గులకరాళ్ళు కొని తెస్తున్నారు. రాళ్ళకు పుట్టినిల్లయిన కడప, కర్నూలు సీమలో రాళ్ళు కొనుక్కోవడం చూసి మా తరం వాళ్ళకు నవ్వు వస్తుంది. కొందరు పిల్లలు తెలివిగా ఆలోచించి, "మన చేలోనే ఉన్నాయి కదా" అని ట్రాక్టరు పంపుతున్నారు. ఇదీ మంచిదే. అయితే చేలో ఉన్న ప్రతి రాయీ ఊరికే పడి లేదు. కొన్ని రాళ్ళు ఉద్యోగంలో ఉన్నాయి. ఏది ఖాళీగా ఉన్నదో, ఏది డ్యూటీలో ఉన్నదో తెలుసుకుని తెచ్చుకోవాలి. ఈ నాలుగు మాటలూ దాని గురించే.

మన నేల, మన రాయి

మన ప్రాంతపు రాళ్ళు చాలా పాతవి. వీటి వయసు వందకోట్ల సంవత్సరాలకు పైమాటే అని భూగర్భ శాస్త్రవేత్తలు చెబుతారు. ప్రపంచంలో ఎక్కడ ఈ శాస్త్రం చదివేవారికైనా కడప పేరు, కర్నూలు పేరు తెలుసు. ఎందుకంటే ఇక్కడి రాతి పొరల వరుసలకు ఆ జిల్లాల పేర్లే పెట్టారు. భారత భూగర్భ సర్వే శాఖకు చెందిన విలియం కింగ్ 1872లో ఈ పొరల మీద పెద్ద గ్రంథమే ప్రచురించాడు. అదే శాఖలో పనిచేసిన రాబర్ట్ బ్రూస్ ఫూట్ 1884లో బెలుం గుహలను గుర్తించి లోకానికి చెప్పాడు. ఆ గుహలున్నది మన సున్నపురాయిలోనే. వేలాది ఏళ్ళు నీరు ఆ రాతిని కరిగించి మూడు కిలోమీటర్లకు పైగా దారి చేసుకుంది.

ఈ సున్నపురాయినే మనం నాపరాయి, నాపబండ అంటాము. దీనికి ఒక మంచి గుణం ఉంది. ఒకప్పుడు నీటి అడుగున పొర మీద పొరగా పేరుకున్నది గనుక, పొర వెంట చీల కొడితే పలకలుగా విచ్చుకుంటుంది. రంపం లేని రోజుల్లో కూడా సమ్మెట, ఉలి, గడ్డపార ఉంటే చాలు, రెండంగుళాల బండ చేతికొచ్చేది. బేతంచెర్ల, జమ్మలమడుగు, ఎర్రగుంట్ల, తాడిపత్రి వైపు, అటు పల్నాడులో మాచర్ల, పిడుగురాళ్ళ వైపు, తెలంగాణలో తాండూరు వైపు ఇదే కథ. ఆయా చోట్ల రంగు మారుతుంది. నలుపు, నీలం, బూడిద, పసుపు, లేత ఎరుపు. గుణం మాత్రం ఇంచుమించు ఒకటే.

మన పాత ఇళ్ళు చూడండి. పునాది చేని రాయి. గోడ చేని రాయి, మట్టి. నేల మీద నాపబండ. అరుగు నాపబండ. పశువుల కొట్టంలో నీళ్ళ తొట్టి రాతిది. రోలు, తిరగలి, సానరాయి, బట్టలుతికే బండ, బావి గట్టు, తులసికోట అన్నీ రాయే. మిద్దె మీద మాత్రం చౌడుమట్టి. ఊరు కట్టేటప్పుడు మొదట నాటేది బొడ్రాయి. మనిషికి బొడ్డు ఎలాగో ఊరికి అది అలాగ. అంటే ఊరు పుట్టుకే రాయితో మొదలు. గండికోట చూడబోయిన వారికి వేరే చెప్పనక్కరలేదు. కొండ ఎర్రన, కోట ఎర్రన. దగ్గర దొరికిన రాయితో కట్టారు గనుకనే కొండ ఎక్కడ ఆగిందో, గోడ ఎక్కడ మొదలైందో దూరం నుండి కనిపెట్టడం కష్టం. ఇంటి తోటకూ అదే సూత్రం. చుట్టూ ఉన్న నేల రంగు రాయి వేస్తే ఇల్లు ఆ ఊరిదిగా కనబడుతుంది.

రైలెక్కిన కడప బండ

1871 నాటికి మద్రాసు, బొంబాయి నగరాలకు మధ్య రైలు మార్గం పూర్తయింది. అది మన కడప, ఎర్రగుంట్ల, తాడిపత్రి, గుత్తి మీదుగానే పోతుంది. ఎద్దుల బండి మోయగలిగినంత దూరమే పోయిన బండకు రైలు దొరికింది. ఈ రోజుకీ మహారాష్ట్రలో వంటింట్లో పొయ్యి పెట్టుకునే నల్లబండను "కడప్పా" అనే అంటారు. అది ఒక ఊరి పేరు అని అక్కడి ఇల్లాళ్ళలో చాలామందికి తెలియకపోవచ్చు. మన జిల్లా పేరు మాత్రం వాళ్ళ నోట రోజూ నలుగుతున్నది. మన పిల్లలేమో ఇక్కడ ఇంటి ముందు సిమెంటు బిళ్ళలు పరుస్తున్నారు!

చేలో రాళ్ళు ఏరిన చేతులు

ఇప్పుడు చేలోకి వద్దాము. మన మెట్ట చేలలో రాళ్ళు రెండు రకాలుగా ఉంటాయి. చెదురుగా పడి ఉన్నవి ఒక రకం. కుప్పగానో, వరుసగానో ఉన్నవి రెండో రకం. ఈ రెండో రకం ప్రకృతి పెట్టినవి కావు. మన తాతలు, ముత్తాతలు నాగలికి అడ్డం వచ్చిన రాళ్ళను ఒక్కొక్కటే ఏరి, తట్టలో మోసి, చేను మూలన కుప్ప పోశారు. ఆడవాళ్ళు, పిల్లలు కూడా మోశారు. పెద్ద బండ అడ్డు వస్తే వడ్డెర వారిని పిలిచేవారు. వారి నేర్పు చూసి తీరాలి. రాయి చుట్టూ తిరిగి, సుత్తితో తట్టి, శబ్దం విని, ఎక్కడ చీల పెడితే ఎటు విచ్చుకుంటుందో ముందే చెప్పేవారు. మన సీమలో చెరువు కట్టలు, బావులు, కోట గోడలు, రోడ్లు ఎవరి చెమటతో నిలిచాయో చరిత్ర పుస్తకాలలో తక్కువ కనిపిస్తుంది. అందువల్ల ఇక్కడ వ్రాస్తున్నాను.

కుప్పగా ఉన్న రాళ్ళు ఖాళీగా ఉన్నవే. వాటిని ఇంటికి తెచ్చుకోవచ్చు. వరుసగా ఉన్నవాటి సంగతి వేరు. చేను వాలుకు అడ్డంగా, గెనిమ పొడవునా పేర్చిన రాళ్ళు వాన నీటిని ఆపి నిదానంగా వదులుతాయి. నీళ్ళు పోతాయి, మట్టి ఆగుతుంది. ఏటా వానలు అంతంత మాత్రంగా ఉండే మన సీమలో చేనిలో అరచేతి మందం మట్టి నిలవడానికి ఒక్కోచోట రెండు తరాలు పట్టింది. ఆ రాళ్ళు తీసేస్తే మొదటి పెద్ద వానకే అది వంకలో కలుస్తుంది. జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. ఆ పథకం కింద కూలి ఇచ్చి చేయించిన పనుల్లో ఈ రాతి కట్టలు కూడా ఉన్నాయి. మన తాతలు కూలి లేకుండా చేసిన పనినే ప్రభుత్వం కూలి ఇచ్చి చేయించింది. అలా పేర్చిన రాళ్ళను మనం తోట అంచుకు తెచ్చుకోవడం న్యాయం కాదు.

చేను నిండా పరుచుకున్న చిన్న గులకను కూడా పూర్తిగా ఊడ్చి తేరాదు. ఎర్ర గరువు నేలలో పైన ఉన్న గులక ఎండ దెబ్బ నుండి తేమను కాపాడుతుందని పాత రైతులకు తెలుసు.

దీపాలదిన్నె నేర్పిన పాఠం

చేతికందిన రాయిని అది ఏమిటో చూడకుండా ఇంటికి తెచ్చుకుంటే ఏమవుతుందో చెప్పడానికి మన చరిత్రలో అమరావతిని మించిన ఉదాహరణ లేదు.

పద్దెనిమిదో శతాబ్దం చివర వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారు కృష్ణ ఒడ్డున అమరావతిలో కొత్త పట్టణం కట్టించారు. పట్టణం అంటే రాయి కావాలి. పక్కనే దీపాలదిన్నె అనే మట్టి దిబ్బ ఉండేది. తవ్వితే చక్కగా చెక్కిన పలకలు బయటపడ్డాయి. అవి పల్నాటి సున్నపురాతి పలకలు. శాతవాహనుల కాలంలో వర్ధిల్లిన మహాస్తూపానివి. తవ్వేవారికి అవి కట్టడానికి పనికొచ్చే రాళ్ళు మాత్రమే. కొన్ని గోడల్లోకి పోయాయి, కొన్ని మెట్లయ్యాయి, కొన్నిటిని కాల్చి సున్నం చేశారు. 1790ల చివర కర్నల్ కాలిన్ మెకంజీ ఆ సంగతి విని వచ్చి చూశాడు. 1816లో మళ్ళీ వచ్చి, బొమ్మలు గీసేవారిని పెట్టి, ఉన్నవాటికి నకళ్ళు తీయించాడు. రెండు రాకల మధ్య చాలా రాయి పోయింది. ఇప్పుడు మాయమైన కొన్ని శిల్పాలు ఎలా ఉండేవో తెలుస్తున్నది ఆ కాగితాల వల్లనే.

ఇక్కడ మన విషయానికి సరిగ్గా అతికే సంగతి ఒకటి ఉంది. 1830 ప్రాంతంలో మచిలీపట్నం కలెక్టరుగా ఉన్న రాబర్ట్‌సన్ ఆ పలకలలో ముప్పైకి పైగా తెప్పించి, తాను వేయించిన కొత్త పేట కూడలిలో అలంకారంగా నిలబెట్టించాడు. ఆ పేటకు ఇప్పటికీ రాబర్ట్‌సన్‌పేట అనే పేరు. ఇంకొన్ని మరో దొర ఇంటి తోటలోకి చేరాయి. ఇంటి ముందు అందం కోసం రాయి పెట్టుకోవడం కొత్తగా వచ్చిన వేడుక కాదని దీన్ని బట్టి తెలుస్తుంది. తరువాత వాల్టర్ ఇలియట్ 1845లో అమరావతిలో తవ్వించిన రాళ్ళు మద్రాసు చేరి, అందులో చాలా భాగం 1859లో లండన్ వెళ్ళాయి. ఈ రోజు అమరావతి శిల్పం చూడాలంటే చెన్నై ఎగ్మూరు మ్యూజియానికో, లండన్ బ్రిటిష్ మ్యూజియానికో పోవాలి. అమరావతిలో మిగిలింది కొద్ది.

ఇందులో ఎవరినీ తిట్టవలసిన పని లేదు. ఆ రోజుల్లో రాయిని చదివే విద్య ఎవరికీ అలవాటు లేదు. ఇప్పుడు ఉన్నది గనుక మన బాధ్యత పెరిగింది.

అక్షరం ఉన్న రాయి, వీరుడు ఉన్న రాయి

అమరావతి దాకా ఎందుకు, మన ఎర్రగుంట్ల దగ్గర కలమళ్ళ ఉన్నది. అక్కడి గుడి ఆవరణలోని రాతి మీద రేనాటి చోళరాజు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు వేయించిన శాసనం ఉంది. కాలం క్రీ.శ. 575 ప్రాంతం. పూర్తిగా తెలుగులో ఉన్న శాసనాలలో మనకు దొరికిన వాటిలో ఇదే మొదటిదని పండితుల మాట. 2008లో తెలుగుకు ప్రాచీన భాష హోదా వచ్చినప్పుడు మనమంతా సంబరపడ్డాము. భాష వయసు ఎంత అని అడిగితే సాక్ష్యం చెప్పవలసింది ఇలాంటి రాళ్ళే. దాన్ని పూర్వం ఏ రైతో గాట్లు పడ్డ రాయి అనుకుని దొడ్డి గోడలో పెట్టేసి ఉంటే, ఆ సాక్షి నోరు మూతపడి ఉండేది.

మన సీమ చేలలో వీరగల్లులు కూడా ఎన్నో ఉన్నాయి. ఊరి పశువులను కాపాడబోయి, పోరులో నిలబడి చనిపోయిన వారి కోసం నాటినవి. కత్తి, డాలు పట్టుకున్న మనిషి బొమ్మ, ఒక్కోసారి గుర్రం, పైన సూర్యచంద్రులు ఉంటాయి. మా చేను పక్కన అలాంటిది ఒకటి ఉంది. సగం భూమిలో కూరుకుపోయింది. మా చిన్నతనంలో కోతల రోజున దాని ముందు ఒక ముద్ద పెట్టి తరువాతే మేము తినేవాళ్ళము. ఎవరాయన, ఎప్పటివాడు అంటే ఎవరికీ తెలియదు. ఊరి కోసం చచ్చాడన్నది మాత్రం తెలుసు. ఇప్పుడు ఆ పక్క చేలు ప్లాట్లుగా పోతున్నాయి. జె.సి.బి. నడిపే కుర్రవాడికి అది కూడా ఒక బండే. ఆ కుర్రవాడి తప్పు లేదు. చెప్పవలసినవాళ్ళం మనము.

ఇవి గాక నాలుగు బండలు నిలబెట్టి పైన ఒక బండ కప్పిన రాకాసి గుళ్ళు ఉంటాయి. పేరు రాకాసిదే గాని అవి ఇనుము వాడుక మొదలైన రోజుల నాటి మనుషుల సమాధులు. వాటి బండ మంచి వెడల్పుగా ఉంటుంది, తోటలో కూర్చునే అరుగుకు సరిపోతుందని ఆశ పుడుతుంది. ముట్టుకోరాదు.

ఇలాంటిది ఏదైనా కనిపిస్తే ఏం చేయాలి? కదిలించకుండా ఫోటో తీసి, సర్వే నంబరుతో సహా తహశీల్దారు గారికి గాని, పురావస్తు శాఖకు గాని ఒక అర్జీ వ్రాయాలి. భూమిలో దాచిన పాతకాలపు నిధి ఏదైనా దొరికి దాని విలువ పది రూపాయలు మించితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి నిక్షేపాల చట్టమే చెప్పింది. అర్జీ వ్రాయడం మన పెన్షనర్లకు కొత్త విద్య కాదు కదా.

హద్దురాయి

ఇక నా శాఖకు సంబంధించిన రాయి.

1800లో నిజాం మన ప్రాంతాన్ని ఇంగ్లీషు కంపెనీకి ఇచ్చేశాడు. అందుకే దత్త మండలాలు అనేవారు. రాయలసీమ అన్న పేరు 1928లో నంద్యాల సభలో వచ్చింది. మొదటి ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 వరకు ఇక్కడ ఉన్నాడు. గొలుసు పట్టించి ప్రతి చేనునూ విడివిడిగా కొలిపించి, రైతు పేరున పన్ను కట్టే పద్ధతి పెట్టించాడు. ఆ తరువాత వచ్చిన సర్వేలతో చేను చుట్టూ రాళ్ళు పాతడం స్థిరపడింది. 1923 నాటి సర్వే, హద్దుల చట్టం ఆ రాళ్ళకు చట్టబలం ఇచ్చింది. కరణాలు ఉన్న రోజుల్లో, అంటే 1984 వరకు, సర్వే రాళ్ళు చూసుకుని లేనివి, ఒరిగినవి, విరిగినవి పైకి వ్రాసి పంపడం వారి పనులలో ఒకటి. ఆ కాగితాలు నా బల్ల మీదికి వచ్చేవి.

నేను చేరిన కొత్తలో ఒక తాలూకా కచేరిలో నడిచిన తగాదా చెబుతాను. ఊరు, పేర్లు అనవసరం. ఇద్దరు అన్నదమ్ములు. భాగాలు పంచుకున్న కొన్నేళ్ళకు మధ్య గెనిమ జరిగిందని గొడవ. సర్వేయరు గారు వెళ్ళి గొలుసు వేస్తే ఒక మూల రాయి లేదు. పక్క రాళ్ళను బట్టి కొలిస్తే రెండు సెంట్లు తేడా. ఎవరు తీశారంటే నేను కాదంటే నేను కాదన్నారు. చివరకు ఆ రాయి పశువుల కొట్టం గడప ముందు మెట్టుగా దొరికింది. బోర్లా వేసి ఉంది. తిప్పి చూస్తే తలమీద సర్వే గుర్తు. తీసింది అన్న కాదు, తమ్ముడు కాదు. కొట్టం కట్టిన మేస్త్రీ, చేలో సైజుకు సరిపోయిన రాయి కనబడితే తెచ్చి వేశాడు. ఈ సంగతి తేలేసరికి ఆరేళ్ళు కోర్టు ఖర్చులు అయ్యాయి. రెండిళ్ళ మధ్య పెళ్ళి పిలుపులు ఆగిపోయాయి. రాయిని మళ్ళీ పాతిపెట్టాము. పిలుపులు మాత్రం నేను బదిలీ అయ్యేనాటికి మొదలు కాలేదు.

హద్దురాయి తీయడం నేరం కూడా. మా కాలంలో ఐ.పి.సి. 434వ సెక్షన్ కింద ఏడాది వరకు శిక్ష ఉండేది. 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. అందులోనూ ఇది నేరమే. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో డ్రోన్లతో రీసర్వే మొదలుపెట్టి కొత్త రాళ్ళు నాటారు. కొత్తవి వచ్చాయి గదా అని పాతవి పీకి తేవద్దు. రేపు తగాదా వస్తే కొత్త కొలతను పాత రాయితోనే సరిచూసుకోవలసి వస్తుంది.

వాకిట్లో రాయి పరిచే పద్ధతి

ఏది తేకూడదో చెప్పాను గనుక, తెచ్చుకున్న దానితో ఏం చేయవచ్చో కూడా చెప్పాలి. 2008లో రిటైరు అయ్యాక మా తాత చేను మూలన పోసిన కుప్ప నుండి రెండు ట్రాక్టర్ల రాయి తెచ్చి ఇంటి ముందు పని చేయించాను. ఇప్పటికీ చెక్కుచెదరలేదు. ఆ అనుభవం ఇది.

మొదట, రాయి ఎత్తేటప్పుడు గడ్డపారతో అవతలి అంచు లేపి చూడాలి. తేళ్ళు, పాములు ఉంటాయి. చెయ్యి పెట్టరాదు.

బాటకు పలకరాళ్ళు వాడాలి. నేల నాలుగంగుళాలు తవ్వి, దిమ్మిస కొట్టి, రెండంగుళాల ఇసుక పరిచి, దాని మీద రాయి కూర్చోబెట్టాలి. రాయి కదిలితే కింద ఇసుక సర్దాలి గాని చిన్న ముక్క దోపరాదు. పది అడుగుల పొడవుకు ఒక అంగుళం పైచిలుకు వాలు ఇస్తే నీళ్ళు నిలవవు. రాయికీ రాయికీ మధ్య వేలెడు సందు వదిలి మట్టి నింపితే గరిక మొలుస్తుంది, వాన నీరు ఇంకుతుంది. సిమెంటు పోస్తే ఇంకదు. మన వయసు వారు నడిచే చోట మరీ నున్నటి బండ వద్దు. పాకుడు పడితే జారుతుంది. గరుకు ముఖం పైకి వేయించండి.

నాపరాయికి పులుపు పడదు. నిమ్మరసం, చింతపండు, బాత్‌రూము కడిగే యాసిడ్ పడితే మచ్చ తింటుంది. అది సున్నపురాయి గనుక. అలాగే నల్లబండ ఎండకు కాలుతుంది. పిల్లలు ఒట్టి కాళ్ళతో తిరిగే చోట లేత రంగు రాయి మేలు.

పూల మడి చుట్టూ మోకాలెత్తు గోడకు మట్టి గాని, సిమెంటు గాని అవసరం లేదు. అడుగున అరడుగు లోతు తవ్వి పెద్ద రాళ్ళు పెట్టాలి. పైన ప్రతి రాయీ కింది రెండు రాళ్ళ మీద కూర్చోవాలి. సందు మీద సందు రాకూడదు. ఎత్తు పెరిగే కొద్దీ గోడ కొద్దిగా లోపలికి వాలాలి. అక్కడక్కడ గోడ వెడల్పు అంతా ఆక్రమించే పొడవు రాయి వేస్తే రెండు ముఖాలూ విడిపోవు. వెనుక గులక నింపితే నీళ్ళు దిగిపోతాయి. ఊళ్ళో ఇంకా పాత చేయి తిరిగిన వడ్డెర పెద్ద ఉంటే ఆయన చేతనే కట్టించండి. మన మనవళ్ళను పక్కన నిలబెట్టి చూపించండి.

మిగిలిన చిల్లర రాయి ఇంకుడు గుంతకు పనికొస్తుంది. అడుగున పెద్దవి, మధ్యన గులక, పైన ఇసుక. 2000లో నీరు–మీరు కార్యక్రమంలో మనమే ఊరూరా తిరిగి తవ్వించాము. మన ఇంట్లో ఉన్నదా అని ఒకసారి చూసుకోవాలి.

చివరగా, ఏరుకుని ఇంటికి వాడుకోవడం వేరు, తవ్వి అమ్మడం వేరు. పట్టా భూమి మనదే అయినా రాయి తవ్వి అమ్మాలంటే గనుల శాఖ అనుమతి ఉండాలి, సీనరేజి కట్టాలి. కంకర మిల్లు వాళ్ళు డబ్బు ఆశ చూపితే ఇది గుర్తుంచుకోవాలి.

రాళ్ళకూ ఒక రిజిస్టరు

శ్రీశైలం ప్రాజెక్టు కట్టినప్పుడు కృష్ణా తుంగభద్రల కూడలి దగ్గరి సంగమేశ్వరాలయం ముంపులోకి వచ్చింది. చాళుక్యుల నాటి గుడి. దాన్ని విప్పి ఆలంపురంలో తిరిగి కట్టారు. అలాంటి పని చేసేటప్పుడు విప్పకముందే రాయి రాయికీ నంబరు వేస్తారు. ఏ వరుసలో ఏది, దాని పక్కన ఏది అని కాగితం మీద ఎక్కిస్తారు. ఆ నంబర్లు ఉంటేనే గుడి మళ్ళీ గుడి అవుతుంది. లేకుంటే అది రాళ్ళ కుప్ప. జీవితమంతా నంబర్లు వేసిన మనకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

మన చేలకూ ఇదే కావాలి. ఏ రాయి హద్దు, ఏ వరుస మట్టిని ఆపుతున్నది, ఏ కుప్ప ఎవరు పోసింది, ఏ బండ కింద ఎవరున్నారు, ఇవన్నీ ఏ అడంగల్‌లోనూ లేవు. మన తలల్లో ఉన్నాయి. కరణాలు పోయారు, వెట్టివారు పోయారు, పొలం గట్ల మీద నడిచి పెరిగిన చివరి తరం మనమే. మన పిల్లలు చేనును సెల్‌ఫోనులో చూస్తున్నారు. అది పైనుండి చూపిస్తుంది గాని రాయి తిప్పి చూపించదు.

కాబట్టి నా మనవి ఇది. మోకాళ్ళు సహకరించే రోజున, చల్లటి పూట, కొడుకునో కూతురినో మనవణ్ణో వెంటబెట్టుకుని చేనికి వెళ్ళండి. ఒక నోటుబుక్కు తీసుకోండి. సర్వే నంబరు వ్రాసి, కింద మూడు గడులు గీయండి. మొదటి గడిలో కదిలించరాని రాళ్ళు: హద్దురాళ్ళు, అక్షరాలు గాని బొమ్మలు గాని ఉన్నవి, సమాధులు. రెండో గడిలో పనిలో ఉన్న రాళ్ళు: గెనిమ రాళ్ళు, వాలుకు అడ్డం పేర్చినవి, బావివి. మూడో గడిలో ఖాళీగా ఉన్నవి: ఇంటికి తెచ్చుకోదగినవి. ఒక్కొక్క దాని పక్కన మీకు తెలిసిన కథ రెండు ముక్కల్లో వ్రాయండి. సంతకం, తేదీ మరవకండి. ఆ పుస్తకం పాసుపుస్తకంతో పాటు బీరువాలో పెట్టండి.

ఆ మూడో గడిలోని రాయితో మీ పిల్లలు ఎంత అందంగా వాకిలి తీర్చుకున్నా ఎవరికీ నష్టం లేదు. తాతలు ఏరిన రాయి మీద మనవళ్ళు నడుస్తారు. అంతకన్నా రాయికి గాని, తాతకు గాని కావలసింది ఏమున్నది?